సగం జీతానికి గురువు

కార్పొరేట్ కొలువు వదిలి ‘మెంటార్’ అవుతున్న ఇంజినీర్లు ఇప్పుడు వీధికొకరు. నూటపదేళ్ల నాడు సర్కారు ఆఫీసరు ఒకరు తొక్కిన అలాంటి దారికి కోల్‌కతాలోని భవానీపూర్‌తో లంకె ఉంది.

దేశంలో తొలి మెట్రో రైలు 1984 అక్టోబరులో ఎస్ప్లనేడ్‌లో బయల్దేరి భవానీపూర్‌లో ఆగింది. ఆ స్టేషన్ ఇప్పుడు నేతాజీ భవన్. పైకొస్తే ఆశుతోష్ ముఖర్జీ రోడ్డు, పాతకాలపు రస్సా రోడ్డు. ‘బెంగాల్ పులి’ అని పేరుపడ్డ హైకోర్టు జడ్జి, కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ ముఖర్జీ ఇల్లు ఈ రోడ్డు మీదే. కుర్రతనంలోనే గణితంలో పరిశోధన పత్రాలు రాసి, చివరికి నల్లకోటు తొడిగిన మనిషి. అందుకేనేమో, తమది కాని కుర్చీలో కూర్చున్నవాళ్లను ఇట్టే పట్టేసేవారు.

అలా ఆయన కంటపడినవారు సి.వి.రామన్. 1907లో ఆర్థికశాఖ పరీక్ష నెగ్గి, 18 ఏళ్లకే అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కలకత్తాలో దిగారు. మంచి జీతం, హోదా, పింఛను. కానీ ట్రాములో వెళ్తుంటే బౌబజార్ వీధి 210 నంబరు భవనం మీద ఒక బోర్డు కనిపించింది. మహేంద్రలాల్ సర్కార్ 1876లో సైన్సు కోసం పెట్టిన సంస్థ అది. తలుపు తీసింది అక్కడి సహాయకుడు ఆశుతోష్ డే. అప్పటి నుంచి పొద్దున్నే ప్రయోగశాల, తర్వాత ఆఫీసు, సాయంత్రం మళ్లీ ప్రయోగశాల. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలు.

ఆ తలుపు తీసిన డే పేరు కొన్నేళ్లకు పరిశోధన పత్రాల మీద రామన్ పేరు పక్కనే అచ్చయింది. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. లెక్కల ఆఫీసరు ఇంకా రాజీనామా ఇవ్వనేలేదు, అప్పటికే గురువైపోయారు.

తారక్‌నాథ్ పాలిత్ ఇచ్చిన విరాళంతో ఏర్పడిన భౌతికశాస్త్ర ఆచార్య పదవిని ముఖర్జీ 1914లో రామన్‌కు ఇవ్వజూపారు. ఆ పదవికి విదేశంలో శిక్షణ తప్పనిసరి. రామన్ వెళ్లనన్నారు. ముఖర్జీ ఆ నిబంధన పక్కకు తప్పించారు. 1917లో రామన్ చేరేనాటికి జీతం ఇంచుమించు సగానికి పడిపోయింది. పాఠాలు చెప్పి తీరాలన్న నియమం లేకపోయినా చెప్పారు.

ఉద్యోగం మానేసినవాళ్ల ధైర్యాన్ని మనం తెగ పొగుడుతాం. వాళ్ల కోసం కుర్చీ వేసిన మనిషిని మాత్రం మరిచిపోతాం. మైసూరు నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1921లో కలకత్తాకు రప్పించిందీ ఈ జడ్జిగారే.

ఇప్పటి సంగతికొస్తే, పదిహేనేళ్లు కోడ్ రాసి విసిగినవాళ్లు వారాంతపు కోర్సు ఒకటి చేసి, సోమవారానికల్లా లింక్డిన్‌లో ‘కెరీర్ కోచ్’ అవుతున్నారు. తప్పేం లేదు. అయితే ఆఫీసు మీద విసుగు వేరు, నేర్పించాలన్న యావ వేరు. రెండోది ఉన్నవాళ్లు కొలువులో ఉండగానే ఎవరో ఒకరికి ఏదో ఒకటి నేర్పుతూ దొరికిపోతారు. కోటా పట్నానికి కోచింగ్ దారి చూపిన వినోద్ కుమార్ బన్సల్ జె.కె. సింథటిక్స్‌లో ఇంజినీరు. కండరాల క్షీణత ఒంటిని లొంగదీస్తుంటే ఇంట్లోనే పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలెట్టారు. ఆ తర్వాత కోటా ఏమైందన్నది వేరే కథ.

రామన్ మెత్తని గురువేమీ కాదు. ముక్కు మీద కోపం. 1933లో బెంగళూరు వెళ్లిపోయారు, ఆ వెనుకే బౌబజార్ సంస్థతోనూ చెడింది. కానీ శిష్యుల్ని వెతుక్కోవడంలో ముఖర్జీకి తీసిపోలేదు. 1928 ఫిబ్రవరి 28 నాటి ‘రామన్ ఎఫెక్ట్’ ఆవిష్కరణలో ఆయన కుడిభుజం కె.ఎస్.కృష్ణన్. 1930లో నోబెల్ వచ్చింది.

అదే 1928లో నిజాం కాలేజీ పట్టా పుచ్చుకుని ఒక తెలుగు కుర్రాడు రామన్ దగ్గరికి వచ్చాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం. కాంతికణానికి స్పిన్ ఉందని ప్రయోగంతో చూపిన 1931 పత్రంలో గురుశిష్యులిద్దరి పేర్లూ ఉన్నాయి. మరుసటేడు భగవంతం విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటి వైస్ ఛాన్సలర్ రాధాకృష్ణన్. రామన్ చదువు మొదలైంది కూడా విశాఖలోనే. తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడు. భగవంతం తర్వాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు దాకా ఎదిగారు. వాల్తేరులో ఉండగా గ్రూప్ థియరీ మీద ఆయన రాసిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయం 1948లో అచ్చువేసింది. అట్ట మీద ఆయనతోపాటు సహరచయిత టి.వెంకటరాయుడి పేరు కూడా ఉంది.