మగ పురుగే చెప్పాలి పేరు

పిల్లలూ! అడవిలో రాలిన ఆకుల కింద సెలాఫినే అనే బుల్లి పెంకుపురుగులు ఉంటాయి. చాలావాటి పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లే, అంటే ఆవగింజంత, నువ్వుగింజంత!

వీటిని పట్టడం తేలికే. ఆకుచెత్తను జల్లించి గరాటులో పోసి, పైన బల్బు వెలిగిస్తారు. వేడికి తాళలేక పురుగులు కింద ఉన్న ఆల్కహాల్ సీసాలో పడతాయి.

గుర్తుపట్టడమే కష్టం. దగ్గరి జాతుల్లో ఆడవి తరచుగా ఒకేలా ఉంటాయి. అందుకే శాస్త్రజ్ఞులు మగదాన్ని వెతుకుతారు. మీసంలో ఏ కణుపు ఉబ్బింది, కాలికి ముల్లు ఎక్కడుంది, తలపై గుంట ఉందా అని మైక్రోస్కోపులో చూస్తారు. చివరి తీర్పు మాత్రం పొట్ట చివర దాగిన జతకట్టే అవయవం ఆకారానిదే.

మగది దొరక్కపోతే? ఆడపురుగు చాలాసార్లు పేరు లేకుండానే మ్యూజియం పెట్టెలో ఉండిపోతుంది. ఈలోగా ఆ అడవిని నరికేస్తే, ఏం పోగొట్టుకున్నామో కూడా మనకు తెలియదు.