గని మడ్డి చెరువు – ఊరి బావి నీరు

నాంపల్లి స్టేషనులో రైలు దిగి నుమాయిషుకో, ఆబిడ్సు బజారుకో పోవు రైతులు, పబ్లిక్ గార్డెన్సును ఆనుకొని యున్న శాసనసభ భవనమును చూచియే యుందురు. మీ బోరుబావికి సంబంధించిన శాసనమొకటి 2002లో ఆ సభ ఆమోదమునే పొందినది. అది ఆనాటి ఉమ్మడి రాష్ట్రపు నీరు, భూమి, చెట్ల చట్టము. ‘వాల్టా’ అని వాడుక. బోరుకు అనుమతి, బోరుకు బోరుకు నడుమ ఎడము అనగానే ఆ చట్టము మనకు జ్ఞప్తికి వచ్చును. భూగర్భజలము చెడకుండ కాపాడుట కూడ దాని ఉద్దేశములలో ఒకటి యను సంగతి అంతగా ప్రచారము కాలేదు. అదే సభాభవనములో 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం త్రవ్వకము వలదని తీర్మానించినది. అది త్రవ్వక మునుపటి మాట. త్రవ్వి, శుద్ధి చేసి, మిగిలిన మడ్డిని చెరువు కట్టి నిలువజేసిన చోట ప్రక్క పొలముల నీటి గతి యేమి? ఈ వ్యాసము దానిని గురించియే.

అట్టి చోటు మనకు దూరమున లేదు. కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె వద్ద యురేనియం కార్పొరేషన్ వారి గనికి, శుద్ధి కర్మాగారమునకు 2007లో శంకుస్థాపన జరిగినది; 2012లో ఉత్పత్తి ఆరంభమైనది. ఆ ప్రాంతము అరటికి, చీనీ తోటలకు పేరు పడినది. అక్కడి ఖనిజములో యురేనియం పాలు చాల స్వల్పము, నూటికి అర పాలు కూడ లేదు. కావున త్రవ్విన రాయి దాదాపు అంతయు మెత్తని పొడియై, నీటితో కలసి మడ్డిగా బయటికి వచ్చును. రోజునకు 3,000 టన్నుల ఖనిజమును ఆడించుటకు ఏర్పాటైన కర్మాగారమది. ఆ మడ్డిని గొట్టముల ద్వారా కొత్తాల (కొట్టాల) గ్రామము దాపున గల చెరువులోనికి పంపెదరు. ‘టెయిలింగ్ పాండ్’ అని పత్రికలు వ్రాయునది దీనినే.

ఇక్కడ రైతు గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఇతర చోట్ల యురేనియంను ఆమ్లముతో కరగింతురు. తుమ్మలపల్లె రాయి సున్నపు జాతిది; ఆమ్లము పోసిన ఆ రాయియే దానిని త్రాగివేయును. అందువలన ఇచట సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణముతో, అధిక వేడిమి, ఒత్తిడి క్రింద పని జరుగును. అనగా మడ్డి వెంట పోవు నీటిలో సోడియం లవణములు అధికముగా నుండును. కార్బొనేటు గల నీటిలో యురేనియం కూడ తేలికగా కరగి కదలును. సోడియం కార్బొనేటు పొలమునకు చేయు పని మీకు క్రొత్త కాదు: కారుచౌడు పుట్టించునది అదియే. మట్టి బిగిసిపోవును, నీరు ఇంకదు, ఎండిన పిమ్మట గట్టి పెళ్ళలు కట్టును, ఆకుల అంచులు మాడును.

చుట్టు ప్రక్కల గ్రామముల రైతులు తమ బోర్ల నీరు మారినదనియు, అరటి తోటలు దెబ్బతినినవనియు సంవత్సరముల తరబడి చెప్పుచు వచ్చిరి. 2019లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చినది. చెరువు అడుగున పరచవలసిన పొర షరతుల ప్రకారము లేదన్నది అందలి ముఖ్యమైన ఆక్షేపణ. సంస్థ ఈ ఆరోపణలను అంగీకరింపలేదు. ఆ ప్రాంతపు రాళ్ళలో యురేనియం సహజముగనే కలదని దాని వాదన. సహజముగ కలదన్న మాట నిజమే. లేకున్న గనియే లేదు గదా! కాని మీ బోరులో నిన్న ఎంత యుండెను, నేడు ఎంత యున్నది, ఆ పెరుగుదల ఎటునుండి వచ్చినది అన్నది వేరు ప్రశ్న. ఊటను మొదటి రోజు నుండియే కనిపెట్టు ఏర్పాటు లేని చోట ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. వాదము మాత్రము మిగులును.

కట్ట తెగినచో లోకమంతయు చూచును. అమెరికాలోని చర్చ్ రాక్ వద్ద 1979 జూలై 16న యురేనియం మడ్డి చెరువు కట్ట తెగి, సుమారు 9 కోట్ల గాలన్ల ఆమ్లపు నీరు వాగులో కలసినది. మన దేశములో జాదుగూడ వద్ద 2006 డిసెంబరులో మడ్డి గొట్టము పగిలినప్పుడు ఊరివారే చూచి చెప్పిరి. కాని అడుగు నుండి దిగు ఊటను ఎవరు చూతురు?

అది ఎంత దిగునో లెక్క వేసి చూడుడు. ఒక హెక్టారు విస్తీర్ణముపై దినమునకు ఒక్క మిల్లీమీటరు ఇంకిన 10,000 లీటర్ల నీరగును. మంచి బంకమట్టిని అర మీటరు మందమున బాగుగా దిమ్మిస చేసి, దానిపై 5 మీటర్ల నీరు నిలిపితిమనుకొనుడు. సాధారణముగా మంచిదని ఒప్పుకొను జిగట పొర కూడ ఆ ఒత్తిడికి దినమునకు దాదాపు ఆ ఒక్క మిల్లీమీటరును వదలును. ఇది లోపము లేని పొర సంగతి. బీట ఒకటి పడిన, పలక అతుకు ఒకటి ఊడిన లెక్క మారిపోవును. కావున ‘అడుగున బంకమట్టి పరచితిమి’ అన్న మాటతో విచారణ ముగియరాదు.

మరి కనిపెట్టుట యెట్లు? అన్నిటికన్న నమ్మదగినది రెండు పలకల పద్ధతి. ప్లాస్టిక్ పలకలు రెండు పరచి, వాటి నడుమ ఇసుక గాని, జల్లెడ వంటి పొర గాని వేసి, దానిని ఒక గుంటలోనికి వాలు చేయుదురు. పై పలక చిల్లుపడిన నీరు భూమిలోనికి దిగక ముందే ఆ గుంటలో చేరును. దినదినము తోడి కొలువవచ్చును. అమెరికాలో అపాయకర వ్యర్థముల చెరువులకు 1992 నుండి ఇది నిబంధన. అందులో మెచ్చదగినది పలక కాదు, అంకె. గుంటలోనికి దినమునకు ఇంతకు మించి నీరు వచ్చిన చర్య తీసికొనవలె నని ముందే ఒక హద్దు వ్రాసియుందురు. అది దాటిన 7 దినములలో అధికారికి వ్రాతమూలకముగా తెలుపవలెను, 14 దినములలో కారణమును గూర్చి ప్రాథమిక నివేదిక ఈయవలెను. హద్దు అంకెలలో లేని షరతు, గట్టు రాయి లేని పొలము వంటిది.

రెండవది చెరువు జమాఖర్చు. వచ్చిన మడ్డినీరు, వాన ఒకవైపు. తిరిగి మిల్లుకు తోడినది, ఆవిరియైనది, మడ్డిలో నిలిచినది మరియొకవైపు. పొత్తు కుదరని నీరు ఎక్కడికో పోవుచున్నదన్న మాట. మూడవది చుట్టును పరీక్షాబావులు. వీటిని చాల మంది మొదటిదిగా చెప్పుదురు గాని, నా దృష్టిలో ఇవి చివరి కావలి. పరీక్షాబావిలో ఉప్పు కనుపించునాటికి నీరు భూమిలో దిగియే యుండును. పైగా ఎగువన ఒక్క బావియైన లేక, దిగువ బావుల లెక్కలు మాత్రమే చూపిన అది సరిపోల్చుట కాదు.

రైతులు చేయదగిన పని కొంత కలదు. గనికి గాని, అట్టి చెరువునకు గాని సమీపమున నున్నవారు తమ బోరు లోతు, వేసిన సంవత్సరము, నీటిమట్టము ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. నీటిలోని ఉప్పును సూచించు చిన్న మీటరు చవుకయే. హైదరాబాదు వచ్చినప్పుడు ఆబిడ్సు, కోఠీ దుకాణములలో అడిగి చూడుడు. మే నెలలో ఒకసారి, వానలు వెనుకబట్టిన పిమ్మట నవంబరులో ఒకసారి కొలువుడు. సాగునీటికి 2,250 మైక్రోమోలు దాటిన జాగ్రత్త పడవలెను. అయితే మీటరు ఒక్కటే చాలదు. ఎరువుల వలనను, సహజముగను ఉప్పు పెరుగవచ్చును. సోడియం, సల్ఫేటు, కార్బొనేటులను ప్రయోగశాలలో చూపించుడు. మిగులు సోడియం కార్బొనేటు లీటరుకు 2.5 మిల్లీఈక్వివలెంట్లు దాటిన నీరు సాగుకు పనికిరాదు. చౌడు తిరిగిన నేలకు జిప్సము వేయుట మందే గాని, ఆ నీరు పారుచున్నంత కాలము జిప్సము చేయగలిగినది కొద్దియే. త్రాగునీటిలో యురేనియంకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60.

నమూనా పట్టునప్పుడు మోటారును కొంతసేపు పారనిచ్చి, అదే నీటితో సీసాను ముమ్మారు కడిగి పట్టవలెను. తొట్టి నీరు పనికిరాదు. సీసాపై తేదీ, వేళ, సర్వే నెంబరు వ్రాయుడు. గ్రామాధికారి ఎదుట పట్టిన నమూనాకు విలువ హెచ్చు.

గ్రామాధికారులకు ఒక మాట. వాల్టా క్రింద బావుల నమోదు పుస్తకము కేవలము లెక్క కొరకు కాదు. గని రాక పూర్వపు నీటి గుణము అందు చేరియున్న, రేపటి వివాదములో అంతకు మించిన సాక్ష్యము ఉండబోదు. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము బహిరంగ విచారణలో ప్రజలు ఇట్టి ప్రశ్నలు అడుగు వీలుండెడిది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజముల గనులకు ఆ విచారణను మినహాయించినది. అనుమతి పొందిన సంస్థ షరతుల అమలును గూర్చి ప్రతి సంవత్సరము జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదికలు సమర్పింపవలెనన్న నిబంధన మాత్రము కలదు. అవి ప్రజలు చూడదగిన పత్రములు. కనుపించనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగుడు. అర్జీలో ‘కాలుష్యము కలదా?’ అని అడిగిన ‘లేదు’ అన్న ఒక్క మాట రావచ్చును. ఎగువ బావి యేది, దిగువ బావి యేది, చెరువు జమాఖర్చులో పొత్తు కుదరని నీరెంత, చర్యకు హద్దుగా నిర్ణయించిన అంకె ఎంత అని విడివిడిగా అడుగుడు. అర్జీ నకలును, తపాలా రసీదును బోరు పుస్తకములోనే అంటించి యుంచుడు.