ఏ.ఎన్.ఎం.తోనే ఆగిపోవాలా?

ఆస్పత్రికి వెళ్తే కనిపించిన ప్రతి నర్సమ్మనీ మనం "సిస్టర్" అనే పిలుస్తాం. కానీ ఆ సిస్టర్లందరి చదువూ ఒకటి కాదు సుమా! కొందరు రెండేళ్ళ ఏ.ఎన్.ఎం. చదివినవాళ్ళు. ఇంటర్ ఒకేషనల్‌లో ఎం.పి.హెచ్.డబ్ల్యు. (ఫిమేల్) అంటారే, అదీ ఈ కోవలోదే. మరికొందరు మూడేళ్ళ జి.ఎన్.ఎం. గానీ, నాలుగేళ్ళ బి.యస్సీ. నర్సింగ్ గానీ చదివి, రిజిస్టర్డ్ నర్సుగా పేరు నమోదు చేయించుకున్నవాళ్ళు. మనకి ఆ తేడా తెలియకపోవచ్చు. జీతం చేతికొచ్చే రోజున వాళ్ళకి మాత్రం బాగా తెలుస్తుంది.

ఏ.ఎన్.ఎం. చదువు ముఖ్యంగా పల్లెల్లో తల్లీబిడ్డల కోసం ఏర్పడింది. టీకాలు, గర్భిణీల పరీక్షలు, కాన్పులు చూస్తారు. పెద్దాస్పత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి ఆ చదువు చాలదు.

మా తోటికోడలు అలాగే ఒక నర్సింగ్‌హోమ్‌లో పదేళ్ళు పనిచేసింది. ఇంజెక్షన్లు, సెలైన్లు, డ్రెస్సింగులు, నైట్ డ్యూటీలు అన్నీ చేసేది. కొత్తగా వచ్చిన స్టాఫ్ నర్సులకు పని చూపించేది కూడా తనే! జీతం మాత్రం వాళ్ళకే ఎక్కువ. చివరికి ముప్పై ఆరో ఏట జి.ఎన్.ఎం.లో చేరింది.

వయసు అడ్డం కాదు

"ఈ వయసులో చేర్చుకుంటారా?" అని మీకు అనుమానం రావచ్చు. జి.ఎన్.ఎం.కి మామూలుగా 17 నుంచి 35 ఏళ్ళ వయసుండాలి. కానీ ఏ.ఎన్.ఎం.గా రిజిస్టరైన వాళ్ళకు ఆ పరిమితి లేదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ముందు మీ ఏ.ఎన్.ఎం. రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.

దగ్గరదారి నమ్మకండి

అమెరికాలో ప్రాక్టికల్ నర్సులకు బ్రిడ్జి కోర్సులున్నాయి. పాత చదువుని కొంత లెక్కలోకి తీసుకుని, మిగిలింది చదివించి, రిజిస్టర్డ్ నర్సు పరీక్షకు పంపుతారు. మన దగ్గర అలా కాదు, మొదటి సంవత్సరం నుంచీ చదవాల్సిందే. "డైరెక్టుగా సెకండియర్‌లో చేరుస్తాం", "క్లాసులకు రానక్కర్లేదు, సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అనే బ్రోకర్లకు డబ్బు కట్టకండి. ఈ కోర్సు పోస్టులో చదివేది కాదు. సగం చదువు వార్డులోనే జరుగుతుంది. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న స్కూలేనా అని విచారించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే రసీదు అడగండి, జిరాక్సులు దాచుకోండి.

కష్టం ఎక్కడ?

చేతిపని మా తోటికోడలికి కొట్టినపిండే. అనాటమీ, మైక్రోబయాలజీ ఇంగ్లీషు పుస్తకాలే ఏడిపించాయి. తనకంటే చాలా చిన్నపిల్లలు ఆ పాఠాలు చెబితే, ఈవిడ వాళ్ళకి నరం దొరకబుచ్చుకోవడం నేర్పేది. సిగ్గుపడితే చదువు రాదు కదండీ!

ఇంటి సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఆ మూడేళ్ళూ జీతం ఉండదు, పైగా ఫీజులు. వాళ్ళు ఏడాది ముందునుంచీ చీటీ వేసుకున్నారు. మా అత్తగారు మొదట "ఇప్పుడెందుకమ్మా?" అన్నారు గానీ, తర్వాత ఆవిడే మనవలకు క్యారేజీలు కట్టారు. ఆదివారం నేను రెండిళ్ళకీ కలిపి ఇడ్లీపిండి రుబ్బేదాన్ని. మా మరిది కుక్కరు పెట్టడం, బట్టలు మడతపెట్టడం నేర్చుకున్నాడు. ఏమీ అరిగిపోలేదు!

పాసయ్యాక

జి.ఎన్.ఎం. పాసై కౌన్సిల్లో నమోదు చేయించుకుంటే రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అవుతారు. స్టాఫ్ నర్సు ఉద్యోగాలకు అప్లై చేసుకోవచ్చు. ఇంకా ఓపికుంటే రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.యస్సీ. నర్సింగ్ ఉంది. ఆపైన ఎం.యస్సీ. కూడా!

మా తోటికోడలు ఇప్పుడు స్టాఫ్ నర్సు. పని దాదాపు పాతదే, నైట్ డ్యూటీలూ తప్పలేదు. కానీ డ్యూటీ చార్టులో పేరు పైకి వచ్చింది, జీతం పెరిగింది.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఏ.ఎన్.ఎం. చదివిన అమ్మాయి ఉంటే ఈ సంగతి చెప్పండి. అత్తగారైతే మనవల క్యారేజీ సంగతి చూస్తానని మాటివ్వండి. ఆ ఒక్క మాటతోనే చాలామంది అప్లికేషన్ నింపే ధైర్యం చేస్తారు.