ఒకే సైజు తూటాలకు ఒకే డై సరిపోతుందా?

అమెరికా గ్యారేజీలో సరదా.. చాంగీలో నేరం! సెలవుల ప్రయాణానికి ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

సింగపూర్: జూన్, డిసెంబరు సెలవులు వస్తే ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని డల్లాస్‌లోని అన్నయ్య ఇంటికో, హ్యూస్టన్‌లోని బావగారింటికో బయల్దేరతాయి. అక్కడ గ్యారేజీలో కారు పక్కనే ఒక బల్ల, దానికి బిగించిన చేతి ప్రెస్సు, డబ్బాల నిండా ఇత్తడి గొట్టాలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. కాల్చేసిన తూటాను మళ్లీ నింపుకొనే ఆ పనిని రీలోడింగ్ అంటారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి తయారు చేస్తేనే కావాలి. అందుకే షూటింగ్ రేంజికి తరచూ వెళ్లేవాళ్లలో చాలామందికి ఇది ఖర్చు తగ్గించే మార్గం, కాలక్షేపం కూడా.

మన పిల్లలు ఆసక్తిగా చూస్తారు, ప్రశ్నలు అడుగుతారు. వచ్చేటప్పుడు గుర్తుగా ఒకటో రెండో ఖాళీ గొట్టాలు జేబులో వేసుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ముందు ఆ బల్ల మీద జరిగేదేమిటో చూద్దాం.

డై చేసే పని

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, మూతి దగ్గర బుల్లెట్. కాల్చాక మిగిలేది గొట్టం ఒక్కటే. అది పేలుడు ఒత్తిడికి కాస్త ఉబ్బుతుంది. దాన్ని మళ్లీ అసలు కొలతకు తెచ్చే ఉక్కు అచ్చే డై. పిస్తోలు తూటాలకు సాధారణంగా మూడు డైల సెట్టు వాడతారు. మొదటిది గొట్టాన్ని నొక్కి కొలతకు తెచ్చి, పాత ప్రైమర్‌ను తోసేస్తుంది. రెండోది మూతిని కొద్దిగా విప్పుతుంది. మూడోది బుల్లెట్‌ను లోపలికి దింపి మూతిని బిగిస్తుంది. ఆ బిగింపునే క్రింప్ అంటారు. కొన్ని సెట్లలో క్రింప్ కోసం నాలుగో డై ఉంటుంది. మామూలు ఉక్కు డై అయితే గొట్టానికి నూనె లాంటి లూబ్రికెంట్ పూయాలి. కార్బైడ్ రింగు ఉన్న డైకి ఆ పని ఉండదు కాబట్టి, కొత్తగా కొనేవాళ్లు ఎక్కువగా అదే తీసుకుంటారు.

పేరు చూసి మోసపోవద్దు

తూటాల పేర్లలో ఉండే అంకెలు అచ్చమైన కొలతలు కావు. .38 స్పెషల్ బుల్లెట్ వ్యాసం నిజానికి 0.357 అంగుళం, అంటే 9.07 మిల్లీమీటర్లు. .357 మాగ్నమ్ బుల్లెట్ వ్యాసమూ అంతే. 9 ఎం.ఎం. లూగర్‌ది 0.355 అంగుళం. .380 ఏసీపీదీ 0.355. అంకెలు చూస్తే నాలుగూ ఒకటే అనిపిస్తుంది. డై ఎంపికలో మాత్రం బుల్లెట్ వ్యాసం కంటే గొట్టం ఆకారమే ముఖ్యం. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అందరూ అన్నదమ్ములు కారు కదా!

.38 స్పెషల్, .357 మాగ్నమ్ మాత్రం నిజంగానే అన్నదమ్ములు. గొట్టం లావు ఒకటే. మాగ్నమ్ మూడున్నర మిల్లీమీటర్ల దాకా పొడవు ఎక్కువ, అంతే. అందుకే ఒకే సెట్టు రెండింటికీ పనికొస్తుంది. ఒక రకం నుంచి రెండో రకానికి మారినప్పుడు రెండో డై, మూడో డై ఎత్తు సరిచేసుకోవాలి. ఆ అదనపు పొడవు అలంకారానికి పెట్టింది కాదు. అమెరికా పరిశ్రమ ప్రమాణాల ప్రకారం .38 స్పెషల్ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, మాగ్నమ్‌ది 35,000. ఆ బలమైన తూటా పాత .38 రివాల్వర్‌లో దూరకుండా గొట్టాన్ని పొడిగించారు. .40 ఎస్ అండ్ డబ్ల్యూ, 10 ఎం.ఎం. ఆటో జంట, .44 స్పెషల్, .44 మాగ్నమ్ జంట కూడా ఇలాగే ఒకే సెట్టుతో సరిపెట్టుకుంటాయి.

9 ఎం.ఎం. కథ వేరు. దాని గొట్టం అడుగున కాస్త లావుగా, మూతి వైపు సన్నగా ఉంటుంది. .38 గొట్టం నిటారుగా ఉండి, అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచుతో ఉంటుంది. రివాల్వర్‌లో తూటా ఆ అంచు మీదే ఆగుతుంది కాబట్టి మూతిని లోపలికి మడిచి బిగించవచ్చు. దీన్ని రోల్ క్రింప్ అంటారు. 9 ఎం.ఎం. తూటా పిస్తోల్లో ఆగేది మూతి అంచు మీదే. అక్కడ మూతిని మడిస్తే తూటా ఉండాల్సిన చోట నిలవదు. అందుకే సన్నగా అదిమే టేపర్ క్రింప్ వాడతారు. .380 బుల్లెట్, 9 ఎం.ఎం. బుల్లెట్ ఒకే వ్యాసం అయినా గొట్టాలు వేరు, డైలూ వేరే. .45 ఏసీపీ, .45 కోల్ట్ విషయమూ అంతే.

అందుకే అనుభవజ్ఞులు చెప్పే సూత్రం ఒక్కటే: గొట్టం అడుగున ముద్రించిన పూర్తి పేరు చదవాలి, అదే పేరు డై పెట్టె మీద ఉందో లేదో చూడాలి. ‘9’, ‘38’ అన్న అంకెలు చూసి కొనకూడదు. పౌడర్ ఎంత పోయాలన్నది మాన్యువల్ చెప్పాలే తప్ప పక్కింటాయన చెప్పకూడదు.

‘ఖాళీదే కదా’ అనుకుంటే..

ఇక సింగపూర్ విషయానికొద్దాం. ఇక్కడ ఇంట్లో తూటాలు నింపుకోవడమన్న మాటే లేదు. తుపాకులు, తూటాలు, పేలుడు పదార్థాల తయారీకి లైసెన్సు తప్పనిసరి. 1973 నాటి ఆయుధ నేరాల చట్టం ప్రకారం అక్రమంగా తుపాకీ గానీ తూటా గానీ దగ్గరుంచుకుంటే 5 నుంచి 10 ఏళ్ల జైలు, కనీసం 6 బెత్తం దెబ్బలు. నిండు తూటా ఒక్కటి బ్యాగు అడుగున మిగిలిపోయినా విచారణ ఎదుర్కోవాల్సిందే.

కాల్చేసిన ఖాళీ గొట్టాలను, వాటితో చేసిన కీచైన్లను కూడా ఇక్కడ బొమ్మలుగా చూడరు. పోలీసు అనుమతి లేకుండా వాటిని తేవద్దు. తుపాకీ ఆకారపు సిగరెట్ లైటర్లైతే అసలే నిషేధం. ఇక పౌడర్ ఏ విమానంలోనూ కుదరదు. అమెరికా విమానాశ్రయ భద్రతా నిబంధనలు దాన్ని చేతి సంచిలోనే కాదు, చెక్-ఇన్ సామానులో కూడా ఒప్పుకోవు.

ఈ పట్టింపు ఎంతటిదో నేషనల్ సర్వీస్‌కు పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు బాగా తెలుసు. కాల్పుల సాధన ముగిశాక, తమ దగ్గర తూటా గానీ ఖాళీ గొట్టం గానీ లేదని పైకి చెప్పాకే కుర్రాళ్లు రేంజి వదులుతారు. సైన్యమే అంత లెక్క చూసే ఊళ్లో, టెక్సాస్ నుంచి తెచ్చిన గుర్తును అధికారులు తేలిగ్గా తీసుకుంటారనుకోవడం పొరపాటు.

హైదరాబాద్ తీసుకెళ్తే?

‘మనకెందుకు, షూటింగ్ నేర్చుకుంటున్న మేనల్లుడికి ఒక డై సెట్టు కొనిస్తే సరి’ అనుకునేవాళ్లు మరో సంగతి గమనించాలి. భారత ఆయుధ చట్టం, 1959లో మందుగుండు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా విడిభాగాలే కాదు, తూటాలు తయారుచేసే యంత్ర సామగ్రి కూడా ఉంది. అంటే పౌడర్ లేకపోయినా, బుల్లెట్ లేకపోయినా ఆ ఉక్కు అచ్చును శంషాబాద్‌లో మామూలు పనిముట్టుగా చూడకపోవచ్చు. తెలియక బ్యాగులో ఉండిపోయిన తూటా కేసుల్లో, తన దగ్గర ఉందని తెలిసే ఉంచుకున్నాడా లేదా అన్నది భారత కోర్టులు చూస్తాయి. అయితే ఆ మాట తేలేలోపు విమానం పోతుంది, సెలవులు పోతాయి, లాయరు ఫీజు మిగులుతుంది.

ఆసక్తి ఉంటే దారి ఉంది

పిల్లలకు నిజంగా షూటింగ్ మీద మనసుంటే దాన్ని చంపక్కర్లేదు. సింగపూర్‌లో కొన్ని పాఠశాలల్లో షూటింగ్ సీసీఏగా ఉంది. గుర్తింపు పొందిన క్లబ్బులూ ఉన్నాయి. 10 మీటర్ల ఎయిర్ పిస్తోల్లో వాడేది 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్. దానికి గొట్టం లేదు, పౌడర్ లేదు, డై అవసరమే లేదు. 25 మీటర్ల పిస్తోల్లో వాడే .22 తూటాకు ప్రైమర్ మందు గొట్టం అంచులోనే ఉంటుంది కాబట్టి దాన్ని ఇంట్లో మళ్లీ నింపుకోవడం ఉండదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది ఈ రెండు విభాగాల్లోనే.

బయల్దేరే ముందు..

- రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే విమానానికి వాడొద్దు. వాడక తప్పకపోతే ప్రతి అర, ప్రతి జిప్పు దులిపి చూడండి.
- జాకెట్ జేబులు, ప్యాంటు మడతలు, బూట్లు వెతకండి. పిస్తోలు నుంచి ఎగిరిన గొట్టాలు ఎక్కడైనా దూరతాయి.
- పిల్లల బ్యాగులు మీరే సర్దండి. బంధువులు ఇచ్చిన పెట్టెలు తెరిచి చూశాకే పెట్టుకోండి.
- ఏదైనా తేవాలనుకుంటే ముందే సింగపూర్ పోలీసు లైసెన్సింగ్ విభాగాన్ని అడగండి. చాంగీలో దిగాక గుర్తొస్తే దాచకుండా రెడ్ చానెల్‌లో అధికారికి చెప్పండి.
- గుర్తుగా ఏదో ఒకటి కావాలంటే, రంధ్రాలు పడ్డ కాగితం టార్గెట్ తెచ్చుకోండి. గోడకు అదే అందం!