యాంటీఆక్సిడెంట్లు ఎవరి పక్షం?

క్యాన్సర్‌తో పోయేవారిలో ఎక్కువమంది ప్రాణం తీసేది మొదట పుట్టిన గడ్డ కాదు. అక్కడి నుంచి ఊపిరితిత్తులకో, కాలేయానికో, మెదడుకో పాకిన కణాలు. అయితే ఈ పాకడం కణానికి మహా కష్టమైన పని. గడ్డ నుంచి విడిపోయి రక్తంలో పడే కణాలు కోకొల్లలు, కొత్తచోట నిలదొక్కుకునేవి బహు కొద్ది. మిగతావి దారిలోనే ఎందుకు చస్తున్నాయి? అమెరికాలో డల్లాస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రంలో షాన్ మోరిసన్ బృందం 2015లో ఇచ్చిన జవాబును ఒప్పుకుంటే, యాంటీఆక్సిడెంట్ మాత్రల మీద మనకున్న నమ్మకాన్ని సవరించుకోక తప్పదు.

మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. రోగుల నుంచి తీసిన ఆ కణాలను, రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకల చర్మం కింద నాటారు. గడ్డ పెరిగాక అందులోని కణాలనూ, రక్తంలో తిరుగుతున్న కణాలనూ పోల్చి చూశారు. రక్తంలోని కణాల్లో ఆక్సిజన్ నుంచి పుట్టే విధ్వంసక అణువులు పేరుకుపోయి ఉన్నాయి. వాటిని అణిచే యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్ తరిగిపోయి ఉంది. బతికి బట్టకట్టిన కణాలు మాత్రం తమ జీవక్రియను మార్చుకుని, ఫోలేట్‌తో నడిచే రసాయన మార్గం మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. అక్కడ తయారయ్యే ఎన్ఏడీపీహెచ్ అనే అణువే వాడిపోయిన గ్లూటాథయోన్‌ను మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. ఈ కణాలనే తిరిగి చర్మం కింద నాటితే ఆ మార్పు పోయింది! అంటే అది జన్యువుల్లో స్థిరపడిన మార్పు కాదు, ప్రయాణం కోసం చేసుకున్న సర్దుబాటు. ఇక కొన్ని ఎలుకలకు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్‌ను రోజూ ఇచ్చారు. చర్మం కింది గడ్డ ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు కానీ, రక్తంలో క్యాన్సర్ కణాలూ పెరిగాయి, దూరపు అవయవాలకు పాకడమూ పెరిగింది. మందు ఎలుకకు పనికిరాలేదు సరికదా, పారిపోతున్న కణానికి పథ్యమైంది.

మెలనోమా చాలాసార్లు ముందుగా దగ్గరి లింఫ్ గ్రంథుల్లో తేలడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. అదే బృందం 2020లో దానికీ ఒక కారణం చూపింది. లింఫ్ ద్రవంలో రక్తంలో కంటే గ్లూటాథయోన్, ఓలిక్ ఆమ్లం ఎక్కువ, విడిగా తిరిగే ఇనుము తక్కువ. ఇనుము తోడైతే కణత్వచంలోని కొవ్వులు ఆక్సీకరణ చెంది కణం చస్తుంది. ఓలిక్ ఆమ్లం ఆ చావు నుంచి దాన్ని కాపాడుతుంది. లింఫ్‌లో కొంతకాలం గడిపిన కణాలు ఆ తర్వాత రక్తంలోనూ మెరుగ్గా తట్టుకున్నాయి. వేరుసెనగ నూనెలోనూ ఓలిక్ ఆమ్లం ఉంటుంది కదా అని ఎవరూ కంగారుపడనక్కర్లేదు. ఈ ప్రయోగం వంటనూనెల గురించి ఏమీ చెప్పదు.

యాంటీఆక్సిడెంట్లు డీఎన్‌ఏను కాపాడతాయని కదా ఇన్నాళ్లూ విన్నాం, అవి క్యాన్సర్‌కు సాయపడటమేమిటన్నది సహజమైన అభ్యంతరం. రెండూ నిజమే కావచ్చు. మంచి కణాన్ని కాపాడే రసాయనం చెడ్డ కణాన్నీ కాపాడుతుంది, దానికి పక్షపాతం లేదు. రోగనిరోధక శక్తి లేని ఎలుకల ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. అయితే స్వీడన్‌లో మార్టిన్ బెర్గో బృందం జన్యువులు మార్చి, ఒంట్లోనే క్యాన్సర్ పుట్టేలా చేసిన ఎలుకలతో పనిచేసింది. విటమిన్ ఇ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఊపిరితిత్తుల గడ్డలను వేగంగా పెంచుతున్నాయని 2014లో, మెలనోమా లింఫ్ గ్రంథులకు పాకడం ఎక్కువవుతోందని 2015లో ప్రకటించింది. మనుషుల విషయానికొస్తే, ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషుల మీద జరిగిన పరీక్షలో, బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చినట్టు 1994లో తేలింది. అది క్యాన్సర్ రావడం గురించిన లెక్కే తప్ప పాకడం గురించినది కాదు, కనుక మోరిసన్ వాదనకు రుజువుగా దాన్ని చూపలేం. కాకపోతే ‘వేసుకుంటే పోయేదేముంది’ అన్న ధీమాకు అది చాలినంత జవాబు. పళ్లు, కూరగాయల మీద మాత్రం ఈ అనుమానాన్ని రుద్దకూడదు. ఈ పరీక్షలన్నీ విడిగా, మోతాదు పెంచి ఇచ్చిన పదార్థాల మీద జరిగినవి.

పాకే కణం ఫోలేట్ మార్గాన్ని నమ్ముకుందంటే, దెబ్బ కొట్టవలసింది అక్కడే. ఫోలేట్‌ను అడ్డుకునే తొలి మందులు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా లొంగదీసిన సంగతి 1948లో అచ్చయింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌నే మోరిసన్ బృందం కొద్ది మోతాదులో ఎలుకలకు ఇచ్చి చూసింది. దూరపు అవయవాలకు పాకడం తగ్గింది, చర్మం కింది గడ్డ మాత్రం పెద్దగా చలించలేదు. ఎలుకల్లో తేలినంత మాత్రాన రోగులకు ఇవ్వదగిన చికిత్స అయిపోదు. కానీ గడ్డ ఎంత కుంచించుకుపోయిందన్న ఒక్క కొలతతోనే తూచి ఉంటే, అదే ఎలుకల్లో అదే మందును పనికిరానిదని పక్కన పడేసేవారు.