ఫోన్‌లో చోటు ఎందుకు చాలదు?

మా చింతామణి మార్కెట్‌లో టమాటాలు దింపి వేలం వేసే చోటు వేరు, ఇంట్లో వేరుశనక్కాయలు దాచే గది వేరు. ఫోన్‌లోనూ అంతే. ర్యామ్ పని జరిగే చోటు. ఫోన్ ఆపితే ఖాళీ. స్టోరేజ్ దాచుకునే గది. ఆపినా అన్నీ పదిలం.

ఆ గది ఎలా నిండుతుంది? ‘చింతామణి’ అని తెలుగులో రాస్తే అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 24 బైట్లు. గుణింతాలూ సున్నా కలిపి 8 గుర్తులు, ఒక్కోదానికి 3 బైట్లు. 3 ఎంబీల ఫొటో ఒక్కటి దాచే చోటులో ఆ పేరు సుమారు 1,25,000 సార్లు పడుతుంది! ఇక్కడి కైవారం తాతయ్య తెలుగు తత్త్వాలు అక్షరాలుగా దాచుకుంటే ఓ మూలన ఒదిగిపోతాయి. గది నింపేవి వీడియోలే.

కొన్న జీబీల్లో కొంత ఆండ్రాయిడే తీసుకుంటుంది. చదువుకీ మాటలకీ 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్ చాలని నా లెక్క. వీడియోలు ఎక్కువగా తీసేవాళ్లకు 256 కావాలి.