గ్రంథాలయమునకు మిత్రులు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మొదలుకొని చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్బీనగర్ వఱకు సాగు మార్గమున కిరుప్రక్కల, సందుసందునను, కోచింగ్ సెంటర్లును, హాస్టళ్లును, నెలకింతయని రుసుము గైకొని ఒక కుర్చీయు నొక దీపమును సమకూర్చు స్టడీ హాళ్లును వెలసియుండుట చూచినవారికి, చదువుకొనుటకు నిశ్శబ్దమైన తావు ఈ ప్రాంతమున నెంత వెలగల వస్తువైనదో వేఱుగ జెప్ప నక్కఱలేదు. పల్లెనుండి వచ్చి గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగమునకో సిద్ధమగు పేద విద్యార్థికి ఆ రుసుము సైతము భారమే. అట్టివానికి సర్కారు గ్రంథాలయమే శరణ్యము. అయితే దాని నాశ్రయించువారు పెక్కురుగాని, తమదిగ నెంచి దాని యోగక్షేమముల నరయువారు అరుదు.

తెలుగునాట పూర్వమిట్లు గాదు. ఉర్దూ రాజభాషగ నున్న నిజాం రాజ్యమున, 1901 సెప్టెంబరు 1వ తేదీన, రామకోటిలోని రావిచెట్టు రంగారావుగారి యింట, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ప్రభృతుల పూనికచే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అవతరించెను. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషివలన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువపై పడవలో పుస్తకములను గ్రామములకు జేర్చిరి. పాశ్చాత్య దేశములందు మిత్రమండలులను పేర పాఠకుల సంఘములు పలుచోట్ల అప్పటికే యున్న గ్రంథాలయములకు తోడ్పడ నేర్పడినవి. మనకో, చందా లిచ్చి, పుస్తకము లెత్తి తెచ్చి, సాయంకాలము తలుపు తెఱచిన మిత్రులే ముందుండి, గ్రంథాలయము వారి వెనుక వచ్చెను.

పిదప చట్టము వచ్చెను: హైదరాబాదు రాష్ట్రమునకు 1955లో, ఆంధ్రప్రదేశమునకు 1960లో. ఇంటిపన్నుతో గ్రంథాలయ సెస్సును జేర్చి వసూలు చేయు నేర్పాటు మహోపకారము, సందేహము లేదు. కాని పన్ను చెల్లించుటతో తమ ఋణము తీఱినదని జనులు దూరమైరి. 2007లో మహానగరమున విలీనమైన ఎల్బీనగర్ కాలనీలలో, తాము కట్టు పన్నులో పుస్తకముల పాలు కలదని యెఱిగిన గృహస్థు లెందఱు? ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు సకాలమున జేరుచున్నదా యని యడుగుటయే ఇచట నేర్పడవలసిన మిత్రమండలి మొదటి పని కావలెనని నా యభిప్రాయము.

ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య కుర్చీ. ఉదయమే వచ్చి తన పుస్తకము తెఱచుకొని, తలుపు మూయువఱకు గూర్చుండు అభ్యర్థి యొకవైపు. దినపత్రికకై వచ్చు వృద్ధుడును, బొమ్మల కథలకై వచ్చు పసిబిడ్డయు నింకొకవైపు. ఇరువురి యవసరమును న్యాయమైనదే. ఆదివారము పిల్లలకొక గది, పరీక్షాకాలమున రాత్రి మఱికొంత సేపు, తొక్కిసలాట లేని వరుస: ఇట్టివి ఉత్తరువులకంటె, పాఠకులతో గూర్చుండి మాటలాడు నిరుగుపొరుగువారి చేతనే సుకరముగ సాధ్యమగును. పరీక్ష ముగిసిన పిమ్మట కిలోల లెక్కన అమ్ముడుపోవు పుస్తకములను సేకరింపవచ్చును. అయితే వచ్చినదెల్ల దానముగ స్వీకరింపరాదు. పాతబడిన కరెంట్ అఫైర్స్ పుస్తకము బీరువా నింపునేగాని యెవరికిని బనికిరాదు. చరిత్ర, భూగోళము, వ్యాకరణము, మంచి నవల దాచదగినవి. చూపులేని విద్యార్థులకై పాఠములను చదివి వినిపించి, రికార్డు చేసియిచ్చు స్వరములు కావలెను. విశ్రాంత ఉపాధ్యాయులు పెక్కురు నివసించు ఈ కాలనీలలో అట్టి స్వరములకు కొఱత లేదు.

ఒక్క హద్దు మాత్రము దాటరాదు. పుస్తకమును వర్గీకరించుట, సూచిక వ్రాయుట, ఏ పాఠకునకేది కావలెనో యెఱిగి యందించుట శిక్షణతో నబ్బు విద్య. స్వచ్ఛంద సేవకులు వచ్చిరి గదా యని గ్రంథపాలకుని యుద్యోగమును నింపక వదలినచో, వారి సేవయే గ్రంథాలయమునకు జేటగును. కావున అట్టి ఖాళీ యున్నచోట, మండలివారు బల్లలు తుడుచుటకు ముందే, దానిని నింపుడని సంస్థవారికి విన్నపము వ్రాసికొనవలెను.